పిల్లికి షుగర్: సిరంజి గీతలు, పెరుగన్నం, పొద్దున ఏడు – రాత్రి ఏడు

పిల్లికి షుగర్ వచ్చిన సంగతి చాలా ఇళ్లలో ముందు చీమలే చెప్తాయి. ఇసుక ట్రే చుట్టూ, బాత్రూం మూల అది తడిపిన చోటా బారులు తీరతాయి. రక్తంలో గ్లూకోజ్ సుమారు 250–300 దాటాక పిల్లి కిడ్నీలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. దానితోపాటు నీళ్లూ పోతాయి కాబట్టి గిన్నెలు గిన్నెలు తాగుతుంది. కిలో బరువుకి రోజుకి 100 ఎం.ఎల్. దాటి తాగుతోందంటే, అంటే నాలుగు కిలోల పిల్లి 400 ఎం.ఎల్. ఖాళీ చేస్తోందంటే, అది ఎండల వల్ల కాదు. తిండి బాగానే తింటున్నా వెన్నుపూస చేతికి తగులుతుంది. కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి నడుస్తాయి. షుగర్ నరాల మీద పని చేస్తోందన్నమాట.

అయితే క్లినిక్‌లో ఒక్కసారి తీసిన 280 చూసి తీర్పు చెప్పేయకూడదు. విశాఖలో గోపాలపట్నం నుంచి ఎంవీపీ కాలనీ దాకా బుట్టలో పెట్టి ఆటోలో తెచ్చిన పిల్లికి భయంతోనే 300 దాటొచ్చు. మూత్రంలో చక్కెర ఉందా, ఫ్రక్టోసమైన్ పరీక్షలో గత ఒకటి రెండు వారాల సగటు ఎలా ఉంది అన్నవి చూసి డాక్టరు తేలుస్తారు. ఇన్సులిన్ రకం, మొదటి మోతాదు ఆయనే రాస్తారు. ఇక్కడ రాసేది ఆ చీటీ ఇంటికొచ్చాక జరగాల్సిన పని గురించి. (షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములు, మనుషుల గ్లూకోమీటరులో కనిపించేవే.)

ముందు తిండి సంగతి. మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పెరుగన్నం, పాలన్నం, లేదంటే చేపల పులుసులోంచి తీసిన ముక్క కలిపిన అన్నం. వండిన అన్నం 50 గ్రాములంటే పిడికెడు. అందులో 65 కేలరీలు, 14 గ్రాముల పిండిపదార్థం. నాలుగు కిలోల పిల్లికి రోజంతటికీ కావలసింది సుమారు 200 కేలరీలు. అంటే మనకి పిడికెడుగా కనిపించేది దానికి రోజు తిండిలో మూడో వంతు, అదీ దాని ఒంటికి అక్కర్లేని రకం. అన్నం, పాలు, రొట్టె, బిస్కెట్లు పూర్తిగా మానాలి. "కొంచెమే కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

పిల్లి తిండిగా ప్యాకెట్లలో అమ్మే పొడి గింజలు కూడా ఆ కోవలోవే. ప్యాకెట్ వెనక పిండిపదార్థం శాతం సాధారణంగా రాయరు, మనమే తీయాలి. వందలోంచి ప్రోటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (అంటే ఖనిజ లవణాలు) తీసేస్తే మిగిలేదే పిండి. బూడిద రాయకపోతే పొడి తిండికి 8, తడి తిండికి 2 అనుకోండి. తర్వాత పిండిని 3.5తో, ప్రోటీన్‌ని 3.5తో, కొవ్వుని 8.5తో గుణించి, మూడూ కూడి, ఆ మొత్తంలో పిండి వాటా ఎంతో చూడాలి. ప్రోటీన్ 30, కొవ్వు 10, తేమ 10, పీచు 4 ఉన్న గింజల్లో పిండి 38. కేలరీల్లో దాని వాటా 41 శాతం. ప్రోటీన్ 11, కొవ్వు 5, తేమ 80, పీచు అర శాతం ఉన్న తడి పౌచ్‌లో 6 శాతమే. షుగర్ పిల్లికి ఈ వాటా 12–15 శాతం లోపు ఉండాలి. "డయాబెటిక్" అని ముద్రేసిన పొడి తిండికీ ఈ లెక్క వేసి చూడండి, కొన్ని దానికి అందవు. గ్రేవీ రకాల్లో చిక్కదనం కోసం పిండి కలుపుతారు కాబట్టి ముద్దగా ఉండే రకాలే మెరుగు.

మరి విశాఖలో ఉండి చేప పెట్టమా? పెట్టొచ్చు, కానీ చేపనే భోజనం చేయకూడదు. కొన్ని చేపల్ని పచ్చిగా పెడితే వాటిలోని ఎంజైము బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. నూనె చేపలే రోజూ పెడితే విటమిన్ ఈ చాలక ఒంట్లో కొవ్వు వాస్తుంది. ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టినా కాల్షియం అందదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికిన నీళ్లలోకి పోతుంది. కాబట్టి ముఖ్య భోజనం సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న తడి తిండి. చేప, చికెన్ కేలరీల్లో పదో వంతు దాటకుండా పైపైన. ఎండుచేప ఉప్పుమయం, వద్దు. ఇంకో చిక్కు క్యాలెండర్‌లో ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఏడాదంతా హార్బర్ చేప మీద బతికిన పిల్లికి ఆ 61 రోజుల్లో కవ్వళ్ల బదులు పాలన్నం వస్తే, మీరు ఇన్సులిన్ ఒక్క గీత మార్చకపోయినా షుగర్ తారుమారవుతుంది.

దీనికి రెండో వైపే ఎక్కువ ప్రమాదం. అన్నం మీద ఉన్న పిల్లికి 2 యూనిట్లు సరిపోతున్నాయనుకుందాం. తిండి మంచిదని ఒక్కరోజులో తడి పౌచ్‌లకి మార్చి అదే 2 యూనిట్లు వేస్తే షుగర్ పాతాళానికి పోవచ్చు. తిండి వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఆ రోజుల్లో ఇంట్లో రక్తం చూస్తూ ఉండాలి, మోతాదు తగ్గింపు గురించి డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. డాక్టరు చెప్పిన ఆ తగ్గింపు తప్ప, తిండీ మోతాదూ ఒకే వారంలో మార్చితే ఏది ఏం చేసిందో ఎవరికీ తెలియదు. ఒకసారికి ఒకటే మార్చాలి. ఈ జబ్బు నడపడంలో సగం పని ఇదే.

ఇక సిరంజి. మందుల షాపులో అమ్మేవాళ్లు మనుషుల లెక్కలో ఆలోచిస్తారు కాబట్టి జాగ్రత్త మనదే. మన దగ్గర ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: ఎం.ఎల్.లో 40 యూనిట్లు ఉండేది, 100 యూనిట్లు ఉండేది. వాటి సిరంజిలూ వేరు. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100కి నారింజ మూత. పిల్లులకి ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ సాధారణంగా 100 యూనిట్ల సీసా. దాన్ని ఎర్ర మూత సిరంజితో ఒక గీత లాగితే లోపలికి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. 40 యూనిట్ల సీసాని నారింజ మూత సిరంజితో లాగితే 0.4 యూనిట్ మాత్రమే. మొదటిది పిల్లిని పడేస్తుంది. రెండోది "ఇన్సులిన్ పని చేయట్లేదు" అని మోతాదు పెంచేలా చేసి, సరైన సిరంజి దొరికిన రోజున పడేస్తుంది. కేజీహెచ్ ఎదుటి షాపులో కొన్నా, వీధి చివర కొన్నా, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చదివాకే డబ్బివ్వండి. నారింజ రంగు గుర్తుంటే చాలదు, అంకె చదవాలి.

ఒక ఎం.ఎల్. యూ-100 సిరంజి పిల్లికి పనికిరాదు. చాలావాటిలో ఒక్కో గీత 2 యూనిట్లు. కావలసింది 0.3 ఎం.ఎల్. సిరంజి, అర యూనిట్ గీతలున్నది దొరికితే మరీ మంచిది. చాలా పిల్లులకి మొదటి మోతాదు పూటకి 1 యూనిట్, పెంచడమైనా తగ్గించడమైనా అర యూనిట్ చొప్పునే. డిస్పోజబుల్ పెన్నుల్లో చాలావరకు ఒక్కో యూనిట్‌గానే తిరుగుతాయి, అరకి కుదరదు. సూది 31 గేజ్, 6 లేదా 8 మి.మీ.

గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బు పట్టినా, నలకలు కనిపించినా పారేయండి. దాన్ని వేరే దేనితోనూ కలపకూడదు, పలుచన చేయకూడదు. అది ఆమ్లగుణం ఉన్న ద్రవం. చర్మం కిందకి వెళ్లి గట్టిపడి, మెల్లగా కరుగుతూ పని చేస్తుంది, సీసాలోనే ఆ గుణం చెడితే ఆ మెల్లదనం పోతుంది. పుట్టుకతోనే తెల్లగా ఉండే రకాలు వేరు. వాడే ముందు ఆ సీసాని ఎలా కదిలించి కలపాలో దానితో వచ్చిన కాగితం చెప్తుంది, దాన్నే పాటించండి.

నిల్వ ఫ్రిజ్‌లో, 2–8 డిగ్రీల మధ్య. ఫ్రీజర్ కింద అరలో పెడితే గడ్డకట్టే భయం ఉంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. షాపు నుంచి తెచ్చేటప్పుడు మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి, దారిలో పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని రావడం అంటే సీసాని వండుకోవడమే. చిన్న థర్మోస్‌లో ఐసు ముక్కలు, వాటికి తగలకుండా గుడ్డలో చుట్టిన సీసా చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు కదా, తుఫాను హెచ్చరిక వినగానే ఆ థర్మోస్ కడిగి పెట్టుకోండి. మట్టి కుండలో పెట్టే చిట్కా రాయలసీమ పొడి గాలికి బాగా పని చేస్తుంది. మన ఉప్పుగాలి తేమకి కుండ అంతగా చల్లబడదు. అయినా వంటింటి వేడి కన్నా నయమే.

సూది వేయడం అందరూ భయపడేది, తీరా చూస్తే అన్నిటికన్నా తేలిక. మెడ మీద చర్మం వదులుగా ఉంటుంది కానీ అక్కడ రక్తప్రసారం తక్కువ, మందు ఒక్కోరోజు ఒక్కోలా ఎక్కుతుంది. ఛాతీ పక్కన, లేదా తొడ ముందు పక్క డొక్కలో వేయడం మేలు. రెండు వేళ్లతో చర్మం గుడారంలా లేపి, ఆ గుడారం మొదట్లోకి, ఒంటికి సమాంతరంగా గుచ్చి నొక్కాలి. ఉదయం ఎడమ, రాత్రి కుడి అని పెట్టుకుంటే చోటు మారుతుంది, "పొద్దున వేశామా?" అన్న అనుమానానికి ఒక ఆధారం కూడా దొరుకుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు సూది గుడారం అవతల నుంచి బయటికి రావడం. మందు బొచ్చులోకి పోతుంది. వేశాక అక్కడ వేలితో రాసి వాసన చూడండి. తడీ, డెటాల్ లాంటి ఘాటూ ఉంటే కొంతో అంతో బయట పడింది. ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కాబట్టి మళ్లీ వేయకూడదు. ఒక పూట షుగర్ ఎక్కువగా ఉండటంతో పిల్లికేం కాదు, రెట్టింపు మందుతో అవుతుంది.

వేళలు పన్నెండు గంటల తేడాతో: ఉదయం 7, రాత్రి 7. అరగంట అటూ ఇటూ అయితే ఫరవాలేదు. మీటరు చూశాక తిండి పెట్టి, తింటోందని కళ్లతో చూసి, అప్పుడు సూది. తినేటప్పుడు వేస్తే చాలా పిల్లులు పట్టించుకోవు కూడా. 200 కేలరీల్లో రెండు ముఖ్య భోజనాలకి 80 చొప్పున, మిగిలిన 40 మధ్యాహ్నం 12–1 గంటల మధ్య, మందు బలంగా పని చేసే వేళకి. పిల్లి లావుగా ఉంటే వారానికి ఒంటి బరువులో ఒక శాతం మించి తగ్గించకండి. పస్తు పెట్టడం అసలే వద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని షుగర్ కన్నా పెద్ద ఆపద తెస్తుంది.

ఇంట్లో మనుషులు ఎక్కువయ్యే కొద్దీ తప్పులూ ఎక్కువ. "పాపం మ్యావ్ మ్యావ్‌మని తిరుగుతోంది, గుప్పెడన్నం పెట్టీసేను" అనే అత్తయ్యగారు, గంప దించి చేప తలకాయ విసిరే బేరమామె, బాల్కనీలోంచి పాలు పోసే పక్క ఫ్లాటు పిల్లలు. అందరికీ చెప్పాలి, అత్తయ్యగారికి మాత్రం లెక్కతో చెప్పాలి: "అత్తయ్యా, ఆ గుప్పెడు దానికి మనం మూడు ప్లేట్లన్నం తిన్నట్టు". సూది మాత్రం ఇద్దరు వేసే ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కాగితం ఉండి తీరాలి: తేదీ, వేళ, ఎంత తింది, మీటరు అంకె, ఎన్ని యూనిట్లు, ఏ పక్క, ఎవరు వేశారు. వేసిన వెంటనే రాయాలి, వేయబోయే ముందు కాదు. కాగితంలో లేకపోతే, వేశారో లేదో ఇద్దరిలో ఎవరికీ ఖాయంగా తెలియకపోతే, ఆ పూటకి మానేయడమే. మరిచిపోయిన మోతాదుని తర్వాతి పూటలో కలపకూడదు.

తినకపోతే? సగం తింటే సగం మోతాదు, అసలు తినకపోతే మీటరు చూసి డాక్టరుకి ఫోన్. ఒక పూట మానేస్తే నష్టం లేదు. కానీ తినట్లేదని రెండు మూడు పూటలు ఇన్సులిన్ ఆపి కూర్చోకండి. తిండీ ఇన్సులిన్ రెండూ లేకపోతే ఒళ్లు కొవ్వుని కాల్చుకుని కీటోన్లు తయారు చేస్తుంది. వాంతులు, నీరసం, నోట్లో గోళ్లరంగు చెరిపే మందు లాంటి వాసన వచ్చాయంటే అది ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, ఒక సీసా ఇంట్లో ఉంచండి.

సూదికి ముందు మీటరు అంకె తక్కువగా వస్తే కొత్తవాళ్లు 200ని గీతగా పెట్టుకోవడం మేలు. అంతకు తక్కువైతే తిండి పెట్టకుండా అరగంట ఆగి మళ్లీ చూడండి. ఎక్కుతుంటే ఎంత వేయాలో డాక్టరుని అడగండి. 150 లోపే ఉంటే ఆయన చెప్పకుండా వేయకండి.

60 లోపు పడితే తొందరపడాలి. తూలడం, వణుకు, పెద్దవైన కంటిపాపలు, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, చివరికి ఫిట్స్. తెలివిలో ఉంటే వెంటనే తిండి. మానిపించిన ఆ పొడి గింజల ప్యాకెట్ పారేయకండి, దాని పని ఇక్కడే ఉంది. తూలుతుంటే తేనె గానీ, ఒక టీస్పూను గ్లూకాన్-డి కొద్ది నీళ్లలో చిక్కగా కలిపింది గానీ వేలితో చిగుళ్లకి రాయాలి. ఫిట్స్‌లో ఉన్న పిల్లి నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వేలూ పళ్ల మధ్యకి పోనివ్వకండి. పెదవి లోపలి పక్క రాస్తే చాలు. పదిహేను నిమిషాలకోసారి మీటరు చూస్తూ డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. తేరుకుంది కదా అని ఇంట్లోనే ఉండిపోవద్దు. లోపల ఉన్న ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పని చేస్తుంది, తేనె పావుగంటలో అయిపోతుంది.

రక్తం తీసేది చెవి అంచు నుంచి. గుడ్డ సంచిలో గుప్పెడు బియ్యం కట్టి వేడి చేసి (అన్నంగా కాకపోయినా బియ్యానికి ఈ ఇంట్లో ఒక పని దొరికింది) చెవికి నిమిషం ఆనిస్తే నరం పొంగుతుంది. అంచుకి పలుచగా వాసెలిన్ రాస్తే చుక్క పాకకుండా గుండుగా నిలుస్తుంది. వెనక దూది పెట్టి, నరానికీ అంచుకీ మధ్య లాన్సెట్‌తో గుచ్చాలి. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో ఉన్నదానికన్నా తక్కువ చూపించడం మామూలే. జంతువుల కోసం చేసినవి ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. ఏదైనా ఒక్కటే వాడండి, రెండు మీటర్ల అంకెలు పోల్చుకుని తల బద్దలు కొట్టుకోవద్దు.

మోతాదు మార్చే ముందు రోజంతా రెండు గంటలకోసారి చూడాలి. ఉదయం 7కి 340, తర్వాత 290, 190, ఒంటి గంటకి 120, తర్వాత 140, 230, రాత్రి 7కి 320 వచ్చిందనుకోండి. అడుగు (రోజు మొత్తంలో అన్నిటికన్నా తక్కువ అంకె) 120, అంటే ఉండాల్సిన 80–150 మధ్యే ఉంది. పొద్దుటి 340 చూసి మోతాదు పెంచారంటే ఆ అడుగు కిందకి జారుతుంది. ఇంకో పిల్లికి 390తో మొదలై 11 గంటలకి 55కి పడి, రాత్రికి 420 అయింది. దీనికి మోతాదు తగ్గించాలి, రెండు చివర్లా ఎంత ఎక్కువున్నా సరే. అడుగే 260 ఉన్న పిల్లికి మాత్రమే అర యూనిట్ పెంచే మాట, పెంచాక కనీసం వారం ఆగి మళ్లీ చూడటం. రోజుకో అంకె చూసి రోజుకో మోతాదు వేసేవాళ్ల పిల్లులే ఎక్కువగా ఆసుపత్రి పాలవుతాయి.

మోతాదు పెరుగుతూ పోయినా షుగర్ దిగకపోతే ఇన్సులిన్‌ని తిట్టే ముందు సీసా పాతదా, ఎండ తగిలిందా, సూది బొచ్చులోకి పోతోందా, పక్కింట్లో ఏం తింటోందో చూడండి. తర్వాత నోటి లోపల: చీము పట్టిన పన్ను, చిగుళ్ల వాపు. మూత్రనాళ ఇన్ఫెక్షన్. దురదకో ఉబ్బసానికో వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇది వారాల తరబడి ఒంట్లో ఉండి ఇన్సులిన్‌కి అడ్డం పడుతుంది. ఇవేవీ కాకపోతే పాంక్రియాస్ వాపు, గ్రోత్ హార్మోన్ ఎక్కువ కావడం లాంటివి డాక్టరు వెతుకుతారు. ఇంట్లో తాతగారి షుగర్ మాత్ర విరిచి పెట్టడం మాత్రం చేయకండి. అమెరికాలో 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి మందులు పిల్లుల కోసం అనుమతి పొందాయి కానీ అవి అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే, పైగా కీటోన్ల ముప్పు కనిపెట్టుకుని ఉండాలి.

త్వరగా మొదలుపెట్టి, అన్నం పూర్తిగా మానిపించిన పిల్లుల్లో కొన్నిటికి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే తప్పుతుంది. అడుగు అంకె తగ్గుతూ రావడం, సూది ముందు అంకె 150 లోపే ఉండటం దాని జాడ. డాక్టరు అర యూనిట్ దాకా దించి, ఆపుతారు. ఆపాక కూడా వారానికోసారి చెవి గుచ్చి చూడాలి, తిండి అదే ఉండాలి. స్టెరాయిడ్ ఒక్క ఇంజెక్షన్‌తో మళ్లీ మొదటికి రావొచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లాలంటే కనీసం పదిహేను రోజుల ముందే మనిషిని చూసుకోండి. వచ్చే మనిషి మీ ముందు మీ పిల్లికి నాలుగైదు సార్లు సూది వేసి ఉండాలి, నీళ్లతో కాగితం రుమాలు మీద కాదు. ఒక డబ్బాలో సీసా గాఢత రాసిన చీటీ, అదే గాఢత సిరంజిలు, పూటకో పౌచ్ చొప్పున లెక్కపెట్టిన తిండి, గ్లూకాన్-డి, మీటరు, డాక్టరు నంబరు. వాడిన సిరంజిల కోసం మూతున్న గట్టి ప్లాస్టిక్ సీసా విడిగా పెట్టండి. చెత్తబండికి ఇచ్చేటప్పుడు అందులో సూదులున్నాయని నోటితో చెప్పి విడిగా అందించమనండి. పండగ గారెలు, అరిసెలు పిల్లికి అందని ఎత్తులో పెట్టమని కూడా.